గేటు ఎదుట గది కంటే బస్సు దారిలో వాటా నయం

అద్దె ఇళ్లు, హాస్టళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది వినుకొండ. మా ఆయన ఆటో తోలతారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. మా పెద్దమ్మాయికి విజయవాడ కానూరులో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. కాలేజీ హాస్టల్‌కి భోజనంతో ఏడాదికి 90,000 అన్నారు. బయట ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఫోర్ షేరింగ్‌కి భోజనంతో నెలకు 6,500. ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి వాటా తీసుకుంటామని మా అమ్మాయి అంటోంది. కాలేజీ దగ్గర సింగిల్ బెడ్‌రూమ్ 9,000 చెప్పారు, పెనమలూరు వైపు లోపలికి వెళ్తే 6,000. ఏది మేలు? అద్దెకు గవర్నమెంటు సాయం ఏమైనా ఉందా? బెజవాడలో మాకు చుట్టాలు కూడా లేరు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, వినుకొండ

జవాబు: అమ్మా, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, కొన్నేళ్లు లేడీస్ హాస్టల్ వార్డెన్‌గానూ చేశాను. కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మీరు రాసిన అంకెలు ఉన్నవి ఉన్నట్టుగా పోల్చడానికి కుదరవు. ఒకటి ఏడాదిది, మిగతావి నెలవి. రెండింట్లో తిండి కలిసింది, రెండింట్లో లేదు. అన్నిటినీ ఒక మనిషికి, ఒక ఏడాదికి మార్చుకుందాం.

కాలేజీ హాస్టల్ 90,000, అందులో మార్పు లేదు. ప్రైవేటు హాస్టల్‌ని సెలవుల్లో ఖాళీ చేస్తే పది నెలలకు 65,000. అయితే బెడ్డు అట్టిపెట్టడానికి సెలవు నెలల్లో కూడా సగం కట్టమనే హాస్టళ్లు ఉన్నాయి, చేరేముందే అడగండి. వాటాకి మాత్రం సెలవులతో పని లేదు, పన్నెండు నెలలూ అద్దె కట్టాల్సిందే. బియ్యం, కందిపప్పు, పచ్చళ్లు మీరు ఇంటి దగ్గర్నుంచి పంపిస్తారనుకుని కూరలు, పాలు, గ్యాస్‌కి మనిషికి 2,200 వేశాను. కరెంటు, నీళ్లకు 400. కాలేజీ దగ్గర 9,000 వాటా అయితే మనిషికి అద్దె 3,000, మొత్తం నెలకు 5,600, ఏడాదికి 67,200. అంటే పిల్లలు వండుకుని, అంట్లు తోముకుని, గ్యాస్ బండ మోసుకుని కూడా ప్రైవేటు హాస్టల్ కంటే 2,000 పైన ఎక్కువే పెడతారు. పెనమలూరు వైపు 6,000 వాటా అయితే మనిషికి 2,000, మొత్తం 4,600, ఏడాదికి 55,200. హాస్టల్ మీద దాదాపు 10,000 మిగులుతుంది.

కాలేజీ గేటు ఎదురుగా ఉన్న వాటా వల్ల మీకు ఒరిగేదేమీ లేదని దీన్నిబట్టి తేలిపోయింది. గేటు దగ్గర ఇల్లున్న వాళ్లకు అద్దెకు దిగేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, రేటు తగ్గించరు. మునుపు దూరంగా ఉంటే మిగిలిన అద్దె కాస్తా బస్సు చార్జీలకు సరిపోయేది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక ఆడపిల్లల విషయంలో ఈ లెక్క మారింది. ఆర్టీసీ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. కానూరు, పోరంకి, పెనమలూరు అన్నీ బందరు రోడ్డు మీదే ఉన్నాయి. సిటీ బస్సులే కాకుండా ఉయ్యూరు వైపు పల్లెవెలుగులూ ఆ దారినే పోతాయి. ఎక్స్‌ప్రెస్‌లు ప్రతి స్టాపులోనూ ఆగవు, వాటిని నమ్ముకోవద్దు. మీరు పిల్లని చూడటానికి వినుకొండ నుంచి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చినా మీకూ టికెట్ ఉండదు. ఆ రాకపోకల ఖర్చు కూడా కలిసొస్తుంది.

కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు కాలేజీ చుట్టూ తిరగకుండా బందరు రోడ్డు పట్టుకుని వెళ్లండి. బస్టాపు నుంచి ఇంటి గుమ్మం దాకా పిల్ల ఒక్కతే నడిచే దారి ఎలా ఉందన్నది నా దృష్టిలో అద్దె కంటే ముందు చూడాల్సిన సంగతి. సాయంత్రం ఏడు తర్వాత మీరే ఆ దారిన ఒకసారి నడవండి. వీధిలైట్లు వెలుగుతున్నాయా, మధ్యలో ఖాళీ స్థలాలూ బ్రాందీ షాపులూ ఉన్నాయా చూసుకోండి. 500 రూపాయల తేడా ఉన్నా దారి బాగున్న ఇల్లే తీసుకోమంటాను.

టులెట్ బోర్డులు ఆన్‌లైన్‌లో కంటే గేట్లకే ఎక్కువ వేలాడుతుంటాయి. సందు మొదట్లో ఉండే కిరాణా కొట్టాయన్నీ, ఇస్త్రీ బండి వాళ్లనీ అడిగితే బోర్డు పెట్టని వాటాల సంగతి కూడా చెబుతారు. బ్రోకర్ దగ్గరికి వెళ్తే కమీషన్ ఎంతో ముందే మాట్లాడుకోండి, ఇల్లు కుదిరాకే ఇవ్వండి. ఫోన్లో ఫొటోలు చూపించి, తాను మిలిటరీలో ఉన్నానని, దూరంగా డ్యూటీలో ఉన్నానని, టోకెన్ అడ్వాన్స్ కొడితే తాళం పంపిస్తానని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. ఆ మోసం ఊరూరా ఉంది.

ఇంకో చిట్కా. ఆషాఢంలో సంసారులు ఇల్లు మారరు. సాధారణంగా జూన్, జూలైల్లో వచ్చే ఆ నెలలో చాలా వాటాలు బోర్డు పెట్టుకుని ఖాళీగా ఉంటాయి. శ్రావణం వచ్చిందంటే ఫ్యామిలీలు దిగుతాయి, ఇంజినీరింగ్ క్లాసులూ అప్పుడే మొదలవుతాయి కాబట్టి అద్దె మీద బేరం సాగదు. మొదట్లోనే వాటాలోకి దిగేట్టయితే, పట్టింపు లేకపోతే ఆషాఢంలోనే మాట్లాడి, అద్దె ఖాయం చేసుకుని, కొంచెం అడ్వాన్స్ ఇచ్చేయండి. పాలు పొంగించడం మంచిరోజు చూసి తర్వాత చేసుకోవచ్చు. ఆ నెలలో ఐదారు వందలు తగ్గించమంటే చాలామంది ఓనర్లు వింటారు.

ఇక వరద సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, యనమలకుదురు వైపు కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లూ అవస్థ పడ్డారు. ఆ పేటల్లో ఇళ్లు తీసుకోవద్దని నేననను, అద్దె అందుబాటులో ఉండేది అక్కడే. కానీ గ్రౌండ్ ఫ్లోర్ వద్దు. ఇల్లు చూపించే మనిషిని ‘అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?’ అని అడగండి. ఆయన తడబడితే ఎదురింటి వాళ్లని అడగండి, గోడ మీద గుర్తు చూపించి మరీ చెబుతారు.

అలాగని డాబా మీద ఒంటరి గది కూడా వద్దు. పెంట్‌హౌస్ అని ముద్దుగా పిలుస్తారు గానీ, బెజవాడ ఎండల్లో శ్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. వేసవి పరీక్షలప్పుడు ఆ గదిలో పిల్ల ఏం చదువుతుంది? మధ్య అంతస్తు దొరికితే అదే తీసుకోండి.

ఇంట్లోకి వెళ్లాక గోడల రంగు చూసి మురిసిపోకండి. బాత్రూమ్ కుళాయి విప్పి ఒక బకెట్ నిండేదాకా ఆగండి. మోటారు ఎన్నిసార్లు వేస్తారో, ఎవరు వేస్తారో అడగండి. తలుపు వేసి లోపలి గడియ పెట్టి, ఒకసారి గట్టిగా తోసి చూడండి. పాత ఇళ్లల్లో మేకు వదులై గడియ ఊడి చేతికొస్తుంది. ఆ తర్వాత మెట్ల కింద ఉండే మీటర్ల బోర్డు దగ్గరికి వెళ్లండి. మీ వాటాకి విడిగా కరెంటోళ్ల మీటరుందా, ఓనరు పెట్టుకున్న సబ్ మీటరుందా? సబ్ మీటరైతే యూనిట్‌కి ఎంత తీసుకుంటారో రూపాయల్లో చెప్పించుకోండి. మన గృహ కనెక్షన్లకు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున మొదలై, 400 యూనిట్లు దాటినవాటికి 9.75 దాకా శ్లాబులున్నాయి. అద్దెకున్నవాళ్లందరి వాడకం కలిసి ఒకే మీటరులో పడితే పై శ్లాబు రేటు పడుతుంది, ఆ భారం మీ మీదకొస్తుంది. విడి మీటరున్న వాటాకి అద్దె 300 ఎక్కువైనా నష్టం లేదు. ఏ మీటరైనా దిగిన రోజు రీడింగ్‌ని ఫోన్లో ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయమని అమ్మాయికి చెప్పండి.

గ్యాస్ గురించి: అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా గుర్తింపు కార్డుతో 5 కిలోల చిన్న సిలిండర్ అమ్ముతారు. ఇండేన్‌లో అయితే ఛోటూ అంటారు. మూడో అంతస్తుకి పిల్లలు మోయగలిగేదీ అదే.

ఇక గవర్నమెంటు సాయం. విద్యార్థికి అద్దె కట్టిపెట్టే పథకమంటూ విడిగా లేదు. దానికి దగ్గరగా ఉన్నది పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లోని ఎంటీఎఫ్, అంటే మెయింటెనెన్స్ ఫీజు. 2020లో వసతి దీవెనగా మొదలైనదే, 2024లో పేరు మారింది. ఐటీఐ వాళ్లకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీకీ ఇంజినీరింగ్‌కీ 20,000. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, కాలేజీలో హాజరు 75 శాతం తగ్గకూడదు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి రాదు, కన్వీనర్ కోటాలో వచ్చి ఉండాలి. దరఖాస్తు కాలేజీ ద్వారానే జ్ఞానభూమి పోర్టల్‌లో పెడతారు. సచివాలయంలో ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, బ్యాంకు ఖాతాకి ఆధార్ సీడింగ్ అయిందో లేదో కనుక్కోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఈ డబ్బు వస్తుందని నెలవారీ అద్దెకు ఒప్పుకోకండి. విడతలు చెప్పిన టైముకి పడవు. పడినప్పుడు అప్పు తీర్చుకోవడానికో, వచ్చే ఏడాది పుస్తకాలకో వాడుకోండి.

మీ కులమేమిటో ఉత్తరంలో రాయలేదు, నాకు అక్కర్లేదు కూడా. అయితే ఎస్సీ, ఎస్టీ, బీసీ వాళ్లయితే అన్నిటికంటే ముందు వెళ్లాల్సింది ప్రభుత్వ కాలేజీ బాలికల హాస్టల్‌కి. బస, భోజనం అన్నీ అక్కడే. సీట్లు కొన్నే కాబట్టి కాలేజీలో అడ్మిషన్ అయిన వారంలోనే సాంఘిక సంక్షేమ శాఖ, బీసీ సంక్షేమ శాఖ ఆఫీసుల్లో అడగండి. సామాజికవర్గాల ట్రస్టులు తక్కువ ఫీజుకి నడిపే హాస్టళ్లు కూడా బెజవాడ, గుంటూరుల్లో పాతకాలం నుంచీ ఉన్నాయి. మార్కులు చూసి సీటిస్తారు, మీ ఊరి పెద్దవాళ్లలో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది.

ఇంజినీరింగ్ ఆడపిల్లలకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి 8 లక్షలు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు. కానీ వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఇదీ తీసుకోవడానికి కుదరదు. మీ అమ్మాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుందో కాలేజీలో తెలుసుకుని ఏది ఎక్కువో అది ఎంచుకోండి. విద్యా రుణంలో హాస్టల్ ఖర్చు కూడా కలపొచ్చు గానీ, తినే అన్నానికి నాలుగేళ్ల వడ్డీ కట్టడం నాకు ఇష్టం లేదు. అది చివరి దారిగా పెట్టుకోండి.

ఇన్ని చెప్పాక నా సలహా: మొదటి సెమిస్టర్ ప్రైవేటు హాస్టల్లో ఉంచండి. ఇప్పుడు కలిసి ఉంటామంటున్న ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఎవరు పొద్దున్నే లేస్తారు, ఎవరు వండుతారు, ఎవరు డబ్బుల దగ్గర నిలకడగా ఉంటారు అన్నది నాలుగు నెలల్లో తేలుతుంది. ముగ్గురిలో ఒకమ్మాయి మధ్యలో వెళ్లిపోతే 6,000 అద్దె ఇద్దరి మీద పడి మనిషికి 3,000 అవుతుంది, అప్పుడు మిగులు గిగులు ఏమీ ఉండదు. ఈలోపు మీ అమ్మాయికి బందరు రోడ్డు పొడవునా సందులన్నీ తెలుస్తాయి. సంక్రాంతి సెలవులయ్యాక వాటాలోకి మారండి.

ప్రశ్న: గుంటూరు కొరిటెపాడులో డాబా మీద వాటాలో ముగ్గురం ఏడాదిన్నర ఉన్నాం. అద్దె 9,000, అడ్వాన్స్ 18,000 ఇచ్చాం. అగ్రిమెంట్ రాసుకోలేదు. నెల ముందు చెప్పి ఖాళీ చేశాం. రంగులకి 9,000 పోయింది, రెండు నెలల ముందు చెప్పలేదు కాబట్టి మిగతాదీ పోయింది అంటున్నారు ఓనర్ అంకుల్. ఏం చేయాలి?
– డిగ్రీ ఫైనలియర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: నాయనా, కాగితం లేకపోవడం నీకెంత ఇబ్బందో ఆయనకీ అంతే. రెండు నెలల ముందు చెప్పాలని ఎక్కడ రాసి ఉందో ఆయన చూపించలేడు. రాతకోతలు లేని నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం చెప్పే నోటీసు 15 రోజులు. మీరు నెల ఇచ్చారు. రంగుల సంగతికొస్తే, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవాళ్లు బాధ్యులు కారని అదే చట్టంలో ఉంది. మేకులు దిగ్గొట్టి గోడ పగలగొడితే వేరే సంగతి. మన వైపు ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకు కోసుకోవడం అలవాటైపోయింది. అలవాటు చట్టం కాదు గానీ, దిగేటప్పుడు ఆ మాటకు మీరు తలూపి ఉంటే ఇప్పుడు పూర్తిగా ఎదురుతిరగడం కష్టం.

ముందు ఫోన్‌పేలో అడ్వాన్స్ పంపిన రోజుది, ప్రతినెలా అద్దె పంపినవి స్క్రీన్‌షాట్లు తీసి ప్రింటు పెట్టుకో. ఖాళీ చేస్తామని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ కూడా. తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం రాయి: ఎంత ఇచ్చాం, ఎప్పుడు చెప్పాం, ఎప్పుడు తాళం ఇచ్చాం, ఎంత రావాలి, ఫలానా తేదీలోపు ఇవ్వండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. ఆ ఉత్తరం అందగానే చాలామంది సగానికైనా దిగొస్తారు. రాకపోతే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, అక్కడ అర్జీ పెట్టు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు, కోర్టు ఫీజు ఉండదు. 15100 నంబరుకి ఫోన్ చేసినా దారి చెబుతారు. నన్నడిగితే రంగులకు సగం వదిలేసి 13,500 దగ్గర తెగ్గొట్టుకో. ఫైనలియర్ పరీక్షలు పెట్టుకుని 4,500 కోసం తిరగడం దండగ.

ఈసారి దిగే ఇంటికి 100 రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకోండి. మన వైపు అందరూ పదకొండు నెలలకే రాసుకోవడం అలవాటు. అడ్వాన్స్ ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, నోటీసు ఎన్నాళ్లు, రంగులకు ఎంత, అద్దె ఏడాదికి ఎంత పెంచుతారు, దిగిన రోజు మీటరు రీడింగ్ ఎంత. ఇవి అంకెల్లో ఉండాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అది నమూనాయే అయినా బేరానికి పనికొస్తుంది.

ప్రశ్న: మా హాస్టల్లో నెలకు 7,000 కాకుండా జీఎస్టీ అని 12 శాతం అదనంగా తీసుకుంటున్నారు. కరెక్టేనా?
– బీకాం విద్యార్థిని, మొగల్రాజపురం

జవాబు: కరెక్టు కాదు. నెలకు మనిషికి 20,000 లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ల బసకు 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయించారు. నెలనెలా 840 రూపాయలు ఊరికే పోతున్నాయి. ఒక్కదానివే వెళ్లి అడక్కు, మీ ఫ్లోర్ పిల్లలంతా కలిసి వెళ్లి జీఎస్టీ నంబరు వేసిన బిల్లు ఇమ్మనండి. బిల్లు అడిగితే చాలు, చాలాచోట్ల ఆ 12 శాతం మాయమైపోతుంది.

ప్రశ్న: పటమటలో మా మేడ మీద రెండు గదుల వాటా ఖాళీగా ఉంది. స్టూడెంట్లకు ఇద్దామంటే గోల అని ఇంట్లో వద్దంటున్నారు. మనవాళ్ల పిల్లలైతే పర్వాలేదేమో అని నా ఆలోచన. మీ సలహా?
– రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ

జవాబు: అన్నయ్యగారూ, నేనూ బ్రాడీపేటలో మా మేడ మీది వాటా చదువుకునే పిల్లలకే ఇస్తున్నాను. ‘మీరేమిట్లు?’ అని కులం అడిగి ఇచ్చిన ఇళ్లలో అద్దె ఎగ్గొట్టిన వాళ్లని చూశాను, అడక్కుండా ఇచ్చిన ఇళ్లలో ఐదో తారీఖు దాటని వాళ్లనీ చూశాను. మనవాళ్లయితే ఇంకో చిక్కుంది. అద్దె గట్టిగా అడగలేరు, పెళ్లిళ్లలో మొహాలు చూసుకోవాలి.

మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ కాలేజీ, ఏ ఇయర్, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు. వాళ్లు ఒకసారి వచ్చి మీ ఇంట్లో కూర్చుని కాఫీ తాగి వెళ్లాకే తాళం ఇవ్వండి. ఎంతమంది ఉంటారో అగ్రిమెంట్‌లో పేర్లతో రాయండి. ముగ్గురని చెప్పి ఆరుగురు దిగడమే అసలు గోలకి కారణం. ఆధార్ కాపీలు తీసుకుని ఒక సెట్ పోలీస్ స్టేషన్లో ఇవ్వండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో, స్నేహితులు రావొచ్చో లేదో మొదటి రోజే చెప్పేయండి, ఆర్నెల్ల తర్వాత కొత్త రూల్ పెడితే పిల్లలు వినరు. మాంసం వండకూడదన్న పట్టింపు ఉంటే అదీ బోర్డు మీదే రాయండి, అడ్వాన్స్ పుచ్చుకున్నాక కాదు.

అద్దె ఒక 500 తగ్గించి, ఫైనల్ పరీక్షలయ్యేదాకా పెంచనని మాటివ్వండి. రెండేళ్లు ఖాళీ లేకుండా ఉంటారు, వెళ్లేటప్పుడు జూనియర్లను వాళ్లే తెచ్చి అప్పజెబుతారు. మా మేడకి టులెట్ బోర్డు కట్టి చాలా కాలమైంది.